జీడిపప్పు డ్రయ్యర్‌కి ఫజీ లాజిక్ కంట్రోల్: లోపల లెక్క ఎలా నడుస్తుంది?

ప్రశ్న: పలాసపిక్క

అందరికీ నమస్కారం. పొట్టుతో ఉన్న జీడిపప్పు ఆరబెట్టే ట్రే డ్రయ్యర్ గురించి అడుగుతున్నాను. లోడుకి 300 కిలోలు. 12 కిలోవాట్ల త్రీఫేజ్ హీటర్, గాలి తిప్పడానికి ఒక సెంట్రిఫ్యూగల్ ఫ్యాను, పైన ఎగ్జాస్ట్‌కి చేత్తో తిప్పుకునే డ్యాంపర్. వేడి 70 డిగ్రీలు ఉండాలి, లోడు 6 నుంచి 8 గంటలు పడుతుంది. పప్పులో తేమ 8 శాతం నుంచి 4 శాతానికి దిగితే పొట్టు వేలితో నలిపితే రాలిపోతుంది, పీలింగ్‌కి సిద్ధమైనట్టు.

ఇప్పుడున్నది బల్బు థర్మోస్టాట్, కాంటాక్టర్ (హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్). వేడి 64కి పడి 77కి ఎక్కుతోంది. పై ట్రేల్లో గుండు రంగు మారి స్కార్చ్‌డ్ గ్రేడుకి పోతోంది. కింది ట్రేల్లో పొట్టు వదలదు. మరికాసేపు ఉంచితే పైన పప్పు మరీ ఎండి పీలింగ్‌లో బద్దలైపోతోంది.

కొందరు పీఐడీ (తేడాని సూత్రంతో లెక్కగట్టి హీటర్ సర్దే మామూలు కంట్రోలర్) అంటున్నారు, కొందరు ఫజీ లాజిక్ అంటున్నారు. ఏటి తేడా అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పట్లేదు. అడిగేవి మూడు. ఒక్క అడుగులో ఫజీ కంట్రోలర్ సరిగ్గా ఏం లెక్క వేస్తుంది? దానికి కంప్యూటర్ కావాలా, చిన్న బోర్డు చాలా? హద్దులు, రూల్స్ ఎలా పెట్టుకోవాలి?


జవాబు: బొబ్బిలి ప్యానెల్

మసక తర్కం అని తెలుగులో రాస్తారు గానీ, ఇందులో మసకగా ఉండేది లెక్క కాదు, మాట. "వేడిగా ఉంది" అంటాం, ఆ వేడి ఎక్కడ మొదలవుతుందో గీత గియ్యలేం. 70.1 అయితే వేడి, 69.9 అయితే చల్లన అని గీత గీసేస్తే అది మీ థర్మోస్టాటే. ఫజీలో ఒకే ఉష్ణోగ్రత కొంత మేరకు "కొంచెం చల్లన", కొంత మేరకు "సరిగ్గా" అవుతుంది. ఆ మేరని 0కీ 1కీ మధ్య అంకెతో చెప్తాం, దాని పేరు సభ్యత్వం. 0.6 అంటే చల్లగా ఉండడానికి 60 శాతం అవకాశం ఉందని కాదండి. వేడి 68.8 అని మనకి కచ్చితంగా తెలుసు. ఆ 68.8కి "కొంచెం చల్లన" అన్న మాట ఎంతవరకు తగుతుందో చెప్పేదే 0.6.

మీ డ్రయ్యర్‌కి రెండు ఇన్‌పుట్లు చాలు. మొదటిది తేడా: 70లోంచి ఇప్పుడున్న వేడి తీసెయ్యగా మిగిలింది. రెండోది వేగం: వేడి నిమిషానికి ఎన్ని డిగ్రీలు ఎక్కుతోంది లేదా దిగుతోంది. అవుట్‌పుట్ ఒకటే, హీటర్ శాతాన్ని ఈ అడుగులో ఎంత మార్చాలి అన్నది. 20 సెకన్లకి ఒక అడుగు అనుకుందాం.

తేడాకి ఐదు మాటలు, ఒక్కోదానికి ఒక త్రిభుజం. శిఖరాలు: బాగా చల్లన +6 దగ్గర, కొంచెం చల్లన +2, సరిగ్గా 0, కొంచెం వేడి −2, బాగా వేడి −6. ఒక త్రిభుజం పాదం పక్కదాని శిఖరం కిందకి రావాలి. అప్పుడు ఎక్కడ చూసినా రెండు మాటల సభ్యత్వం కలిపితే 1 అవుతుంది. వేగానికి మూడు మాటలు: పడుతోంది −1, నిలకడ 0, ఎక్కుతోంది +1.

రూల్స్ అంటే భట్టీ దగ్గర అనుభవం ఉన్న మనిషి నోటంట వచ్చే మాటలే. "కొంచెం చల్లగానే ఉంది గానీ ఎక్కుతోంది, కాస్త తగ్గించు" అంటాడు చూడండి, అది ఒక రూలు. ఐదు మూళ్ళు పదిహేను రూల్స్. శాతంలో ఇలా పెట్టుకోవచ్చు, వేగం వరస "పడుతోంది / నిలకడ / ఎక్కుతోంది":

బాగా చల్లన: +8 / +6 / +3
కొంచెం చల్లన: +5 / +3 / −2
సరిగ్గా: +3 / 0 / −3
కొంచెం వేడి: +2 / −3 / −5
బాగా వేడి: −3 / −6 / −8

ఈ అంకెలు నమూనాకే, మీ మిషన్‌కి సరిపడా మార్చుకోవాల్సినవే.

ఇప్పుడు ఒక అడుగు నడిపిద్దాం. వేడి 68.8, నిమిషానికి 0.3 ఎక్కుతోంది. తేడా +1.2. కొంచెం చల్లన 0.6, సరిగ్గా 0.4. వేగం వైపు నిలకడ 0.7, ఎక్కుతోంది 0.3. పదిహేనులో నాలుగు రూల్సే మేలుకుంటాయి. ఒక రూల్లో రెండు షరతులుంటే చిన్న సభ్యత్వమే ఆ రూలు బలం.

కొంచెం చల్లన, నిలకడ: బలం 0.6, మాట +3.
కొంచెం చల్లన, ఎక్కుతోంది: బలం 0.3, మాట −2.
సరిగ్గా, నిలకడ: బలం 0.4, మాట 0.
సరిగ్గా, ఎక్కుతోంది: బలం 0.3, మాట −3.

బలాన్ని మాటతో గుణించి కూడితే 1.8 − 0.6 + 0 − 0.9, అంటే 0.3. బలాల మొత్తం 1.6. భాగిస్తే +0.19. చల్లగా ఉన్నా దానంతట అదే ఎక్కుతోంది కాబట్టి హీటర్ జోలికి పోవద్దంటోంది. అదే 68.8 దగ్గర తలుపు తీశారు, వేడి నిమిషానికి 0.5 పడుతోంది అనుకోండి. ఇదే పద్ధతిలో +2.9 వస్తుంది. వేడి ఒకటే, తీర్పు వేరు. థర్మోస్టాట్‌కి ఈ రెండు సందర్భాలూ ఒకటే.

చిన్న సభ్యత్వానికి బదులు రెండు సభ్యత్వాలనీ గుణించి బలం తీసినా ఒప్పే. మొదటి సందర్భంలో +0.54 వస్తుంది. పైన చెప్పినట్టు త్రిభుజాలు పేరిస్తే గుణకారంలో బలాల మొత్తం ఎప్పుడూ 1, భాగించే పనే లేదు. చిన్న బోర్డుకి నేనైతే ఇదే చెప్తాను.

వచ్చిన మార్పుని పాత శాతానికి కలపండి, 0కీ 100కీ మధ్య బిగించండి. పాతదానికి కలుపుతున్నాం కాబట్టి, తేడా మిగిలినంతసేపూ శాతం కదులుతూనే ఉంటుంది, 69 దగ్గర ఆగిపోయి కూర్చోదు. శాతాన్ని ఏకంగా పట్టికే చెప్పేలా పెడితే ఆ జబ్బు తప్పదు.

పుస్తకాల్లో అవుట్‌పుట్‌కి కూడా త్రిభుజాలు గీసి, రూలు బలం దగ్గర నరికి, కలిసిన ఆకారానికి కేంద్రం కనుక్కోమంటారు. అది మమ్దానీ పద్ధతి. పైన చేసింది సుగెనో పద్ధతిలో అతి సులువైన రకం, అవుట్‌పుట్ ఒట్టి అంకె. డ్రయ్యర్‌కి రెండూ ఒకేలా నడుస్తాయి, రెండోదానికి లెక్క బాగా తక్కువ. కంప్యూటర్ అక్కర్లేదు. ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డుకి ఉన్నది 2 కిలోబైట్ల ర్యామ్, ఈ పట్టిక 15 బైట్లు. 20 సెకన్లకోసారి నాలుగు గుణకారాలు దానికి లెక్కలోది కాదు.

రెండు చోట్ల అందరూ పడతారు. ఒకటి అంచులు. చల్లటి డ్రయ్యర్ ఆన్ చేస్తే తేడా +40. చివరి త్రిభుజం +6 దాటాక కిందకి దిగిపోతే ఏ రూలూ మేలుకోదు, బలాల మొత్తం సున్నా, సున్నాతో భాగహారం, శాతం స్థానంలో అంకె కానిదేదో వచ్చి కూర్చుంటుంది. 100 దాటిందా అని అడిగితే కాదంటుంది, సున్నా కన్నా తక్కువా అంటే కాదంటుంది. మీ బిగింపు పనిచెయ్యదు. కాబట్టి రెండు చివరల త్రిభుజాలూ శిఖరం తరవాత 1 దగ్గరే బల్లపరుపుగా సాగాలి.

రెండోది వేగం. పీటీ100 ఉష్ణోగ్రత సెన్సర్‌ని మ్యాక్స్31865 చిప్‌తో చదివితే ఒక మెట్టు సుమారు 0.03 డిగ్రీలు. సెకనుకీ సెకనుకీ తేడా తీస్తే ఒక్క మెట్టు అటూ ఇటూ ఊగినా నిమిషానికి 1.8 డిగ్రీల వేగం అవుతుంది. వేగం హద్దేమో ±1. అంటే వేడి కదలకపోయినా కంట్రోలర్ "ఎక్కుతోంది, పడుతోంది" అని గింగిరాలు తిరుగుతుంది. ఇప్పటి విలువలోంచి 60 సెకన్ల క్రితం విలువ తీసి వేగం లెక్కకట్టండి.


జవాబు: గరివిడి ఇన్‌స్ట్రుమెంట్

పై లెక్క శుభ్రంగా ఉంది. కానీ ప్రశ్నలో రెండు జబ్బులున్నాయి, ఫజీ ఒకదానికే మందు. వేడి 64కీ 77కీ మధ్య ఊగడం కంట్రోల్ జబ్బు. పైన మాడి కింద పచ్చిగా ఉండడం గాలి జబ్బు. ఒక్క సెన్సర్ ఉన్న ఏ కంట్రోలరైనా ఆ సెన్సర్ ఉన్న చోటునే 70 దగ్గర నిలబెడుతుంది. మిగతా ట్రేలు దానికి కనబడవు.

ముందు పైన, మధ్యన, కింద వేడి కొలవండి, లోడుతోనే. పైకీ కిందకీ 3 డిగ్రీలు దాటి తేడా ఉంటే కోడు పక్కన పెట్టి, ట్రేల అంచుకీ గోడకీ మధ్య గాలి దొంగదారులున్నాయా చూసి రేకు కొట్టండి. ఫ్యాను తిరిగే దిక్కు కూడా చూడండి. సెంట్రిఫ్యూగల్ ఫ్యానుకి ఫేజులు తారుమారైనా గాలి అటే వస్తుంది, తక్కువ వస్తుంది, అంతే. అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ అనుమానం రాదు.

ఫజీ ఎక్కడిదో రెండు ముక్కలు చెప్తే, ఎక్కడ వాడాలో తెలుస్తుంది. బర్క్‌లీలో లోట్ఫీ జాదే 1965లో ఫజీ సెట్ల వ్యాసం రాశారు. అప్పటికది గణితమే. దాన్ని మిషన్‌కి కట్టింది లండన్ క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ, అసీలియన్. 1970ల నడిమధ్యలో ఒక చిన్న ఆవిరి ఇంజన్ మీద. ఆపైన డెన్మార్క్ వాళ్ళు సిమెంటు కాల్చే కిల్న్‌లకి పెట్టారు. 1987లో జపాన్‌లో సెండై మెట్రో రైలుని హిటాచీ ఫజీ కంట్రోల్ నడిపింది. వీటిలో కిల్న్ కథ మనకి దగ్గరిది: సమీకరణం రాయడం కష్టం, మంట చూసి నడిపే ఆపరేటర్ మాత్రం బాగా నడుపుతాడు, ఆ మాటల్ని పట్టికలో పెట్టారు.

మీ ఉష్ణోగ్రత లూపు ఒక్కటే అయితే ఆ కోవలోకి రాదు. ఆటోట్యూన్ (అంకెలు తనే వెతుక్కునే సౌకర్యం) ఉన్న మామూలు పీఐడీ కంట్రోలరే చాలు. ఫజీకి అసలు పని డ్యాంపర్ దగ్గర, తేమా వేడీ ఒకదాన్నొకటి లాక్కునే చోట. అయినా నేర్చుకోవాలనుంటే వేడితోనే మొదలుపెట్టండి, తప్పు లేదు.

ఏది పెట్టినా ముందు కాంటాక్టర్ మారాలి. శాతం అంటే ఒక కిటికీలో ఎంతసేపు ఆన్ అన్నది. 10 సెకన్ల కిటికీ అయితే 57 శాతానికి 5.7 సెకన్లు ఆన్. కాంటాక్టర్‌ని అలా కొట్టిస్తే గంటకి 360 సార్లు, లోడుకి రెండున్నర వేలు దాటుతుంది, కాంటాక్టులు కాలిపోతాయి. ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ రిలే) వెయ్యండి, జీరో క్రాసింగ్ రకం. 12 కిలోవాట్లకి 415 వోల్టుల దగ్గర ఫేజుకి 16.7 ఆంపియర్లు. 40 ఆంపియర్లది తీసుకోండి. ఆంపియర్‌కి సుమారు వాటు చొప్పున ఫేజుకి 17, మూడింటికి కలిపి 50 వాట్ల వేడి ఎస్‌ఎస్‌ఆర్‌లోనే పుడుతుంది కాబట్టి హీట్‌సింక్ లేకుండా ప్యానెల్ గోడకి బిగించొద్దు.

ఇది మాత్రం మర్చిపోకండి: ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా షార్ట్ అయి పాడవుతుంది. హీటర్ ఆన్‌లోనే ఉండిపోతుంది, ఏ కోడూ దాన్ని ఆపలేదు. పాత కాంటాక్టర్‌ని తీసెయ్యకుండా ఎస్‌ఎస్‌ఆర్‌కి ముందు సిరీస్‌లో ఉంచండి. దాని కాయిల్ 85 డిగ్రీలకి తెగే విడి థర్మోస్టాట్ గుండా వెళ్ళాలి, చేత్తో రీసెట్ చేసే రకం. ఫ్యాను తిరగకపోతే కూడా ఆ కాయిల్ పడిపోవాలి. ఫ్యాను తిరుగుతోందని మోటారు కాంటాక్టర్‌ని బట్టి అనుకోవద్దు, బెల్టు తెగినా మోటారు తిరుగుతుంది. గాలి స్విచ్ పెట్టండి. సెన్సర్ వైరు తెగితే మ్యాక్స్31865 ఫాల్ట్ బిట్ చూపిస్తుంది. దాన్ని ప్రతి రీడింగుకీ చదివి, ఫాల్ట్ ఉంటే శాతం సున్నా.


పలాసపిక్క:

మాస్టారూ, ఫేజులు నిజంగానే తారుమారున్నాయి. మార్చి, అంచులకి రేకు కొట్టాక పైకీ కిందకీ తేడా 6 నుంచి 2 డిగ్రీలకి దిగింది. ఎస్‌ఎస్‌ఆర్, విడి థర్మోస్టాట్, గాలి స్విచ్ బిగించాం. బొబ్బిలి గారి పట్టిక గుణకారం పద్ధతిలో, 60 సెకన్ల వేగంతో ఊనోలో నడుస్తోంది. 64–77 పోయింది గానీ, 70కి అటూ ఇటూ రెండున్నర డిగ్రీలు ఊగుతూనే ఉంది. సుమారు 9 నిమిషాలకి ఒక ఊగు, గంటలు గడిచినా సద్దుమణగదు. లోడు పెట్టి మొదలెట్టినప్పుడు మాత్రం ఒకసారి 79 దాకా పోతోంది.


జవాబు: రాజాం లూప్

రూల్స్ మీద చెయ్యి వెయ్యకముందు డ్రయ్యర్ స్వభావం తెలుసుకోవాలి. లోడుతో ఉండగా కంట్రోల్ తీసేసి హీటర్‌ని 40 శాతం మీద వదిలెయ్యండి. వేడి నిలకడపడ్డాక 50కి మార్చి, 10 సెకన్లకోసారి రాసుకోండి. మూడు అంకెలు కావాలి: కదలిక మొదలవడానికి ఎంతసేపు, మొత్తం ఎన్ని డిగ్రీలు ఎక్కింది, అందులో 63 శాతం ఎక్కడానికి ఎంతసేపు.


పలాసపిక్క:

40 దగ్గర 58 డిగ్రీలు, 50 దగ్గర 65. ఎక్కింది 7. కదలడానికి 50 సెకన్లు, కదిలాక 11 నిమిషాలకి 63 శాతం.


జవాబు: రాజాం లూప్

చాలు. ఇప్పుడు ఆ పట్టిక ముసుగు తీద్దాం. మధ్య భాగంలో, అంటే మీ డ్రయ్యర్ ఎక్కువ సేపు గడిపే చోట, ఈ ఫజీ నిజానికి పీఐ కంట్రోలరే, అంటే పీఐడీలో డీ లేనిది.

తేడా వైపు చూడండి. "కొంచెం చల్లన, నిలకడ" దగ్గర 2 డిగ్రీలకి +3. డిగ్రీకి 1.5 చొప్పున 20 సెకన్లకోసారి, అంటే నిమిషానికి 4.5 శాతం. ఇది ఇంటెగ్రల్, తేడా ఉన్నంతసేపూ పేరుకునే భాగం. వేగం వైపు, నిమిషానికి 1 డిగ్రీ ఎక్కుతుంటే అడుక్కి −3. ఒక అడుగులో వేడి మారింది మూడోవంతు డిగ్రీ, కాబట్టి డిగ్రీకి 9 శాతం. ఇది గెయిన్, వేడి డిగ్రీ మారితే శాతం ఎంత కదపాలన్నది. 9ని 4.5తో భాగిస్తే ఇంటెగ్రల్ టైం 2 నిమిషాలు.

మీ డ్రయ్యర్ ఏం తట్టుకుంటుంది? 10 శాతానికి 7 డిగ్రీలు, అంటే శాతానికి 0.7. ఆలస్యం 50 సెకన్లు మాత్రమే కాదు. 60 సెకన్ల వెనక్కి చూసి తీసే వేగం సగటున 30 సెకన్ల పాత వార్త, 20 సెకన్ల అడుగు ఇంకో 10 కలుపుతుంది. వెరసి 90. వేగాన్ని 30 సెకన్ల మీద తీస్తే 75కి దిగుతుంది, అంటే 1.25 నిమిషాలు. ఒక మెట్టు ఊగినా నిమిషానికి 0.06 డిగ్రీలే కాబట్టి సద్దు (రీడింగ్ ఊగులాట) ఇబ్బంది కూడా లేదు. బొబ్బిలి గారు సద్దు గురించి చెప్పింది నిజమే, ఆలస్యం ఖరీదు కలపలేదు.

పీఐకి వాడే మామూలు సూత్రం: మీ 11 నిమిషాలని 0.7, 2, ఆలస్యం 1.25ల లబ్ధంతో భాగిస్తే గెయిన్ 6.3. ఇంటెగ్రల్ టైం 11 నిమిషాలు, లేదా ఆలస్యానికి ఎనిమిది రెట్లు అంటే 10 నిమిషాలు, ఏది చిన్నదైతే అది. కాబట్టి 10. మీ పట్టికలో ఉన్నది 9, 2. గెయిన్ ఒకటిన్నర రెట్లు, ఇంటెగ్రల్ ఐదు రెట్లు దూకుడు. 9 నిమిషాల ఊగు అక్కణ్ణించే వస్తోంది. రూల్స్ చదివితే ఒక్కటీ తప్పుగా అనిపించదు చూడండి, మాటలు అన్నీ ఒప్పే. చెడగొట్టింది మాటల వెనకున్న అంకెలు.

ఇది పెట్టి చూడండి, శిఖరాలు అవే:

బాగా చల్లన: +5 / +3 / +1
కొంచెం చల్లన: +2.5 / +0.5 / −1.5
సరిగ్గా: +2 / 0 / −2
కొంచెం వేడి: +1 / −1 / −3
బాగా వేడి: −3 / −5 / −7

గెయిన్ 6. చల్లటి వైపు ఇంటెగ్రల్ టైం 8 నిమిషాలు, వేడి వైపు 4. రెండు వైపులా ఒకేలా ఉంచకపోవడం కావాలనే. 68లో పది నిమిషాలు ఉంటే పప్పుకి ఏమీ కాదు, కాస్త ఆలస్యమవుతుంది. 74లో ఉంటే గ్రేడు పోతుంది. మామూలు పీఐడీకి ఈ వివక్ష నేర్పడం కష్టం, ఇక్కడ కొన్ని గళ్ళు మారిస్తే చాలు. రెండు వైపులా సమానంగా ఉండే పట్టిక రాసుకుంటే ఫజీకి పడిన శ్రమ దండగ, పీఐడీయే కొనుక్కోవచ్చు.

ఇందాకటి 68.8, +0.3 సందర్భం దీన్లో పెడితే గుణకారం పద్ధతిలో −0.3 వస్తుంది. పాతది +0.54 అన్నచోట ఇది అప్పుడే బ్రేకు తొక్కుతోంది.

79 కథ వేరు. లోడు పెట్టగానే శాతం 100కి చేరి అక్కడే ఉంటుంది. మీ అంకెల ప్రకారం 100 శాతం మీద 64 దగ్గర నిమిషానికి 3 డిగ్రీలు పైనే ఎక్కుతుంది. వేగం త్రిభుజం +1 దగ్గర బల్లపరుపు అయిపోయింది కాబట్టి కంట్రోలర్‌కి 3 కూడా 1 లాగే కనబడుతుంది, మహా అయితే అడుక్కి రెండు మూడు శాతం దించుతుంది. 70కి చేరడానికి రెండు నిమిషాలు, ఆరు అడుగులు. ఆగదు. దీనికి రూలు కలపొద్దు. 60 వరకు ఫజీ లేకుండా 100 శాతం నడపండి, 60 దాటగానే శాతాన్ని 55కి మార్చి అక్కణ్ణించి ఫజీకి అప్పగించండి. 70ని పట్టి ఉంచడానికి మీకు 57 కావాలి, 50 దగ్గర 65 ఉంది కాబట్టి మిగతా 5 డిగ్రీలకి ఇంకో 7 శాతం. దానికి కాస్త తక్కువలో అప్పగిస్తున్నాం.


పలాసపిక్క:

అర్థమైంది, కొత్త పట్టిక ఎక్కిస్తాను. గరివిడి గారూ, డ్యాంపర్ దగ్గర అసలు పని ఉందన్నారు. మోటారు డ్యాంపర్ పెట్టి ఎగ్జాస్ట్‌లో తేమ సెన్సర్ పెడితే రూల్స్ ఎలా ఉండాలి? తేమని 0 నుంచి 100 వరకు మూడు భాగాలు చేస్తే సరిపోతుందా?


జవాబు: గరివిడి ఇన్‌స్ట్రుమెంట్

0 నుంచి 100 అంటే అసలు పనిచెయ్యదు. 30 డిగ్రీల్లో 80 శాతం తేమున్న మన వానాకాలం గాలిని 70కి వేడిచేస్తే తేమ శాతం 11కి పడిపోతుంది. 25 డిగ్రీలు, 60 శాతం ఉన్న పొడిరోజు గాలి అయితే 6కి. మీ డ్రయ్యర్ బతుకంతా "తక్కువ" అన్న ఒక్క మాటలోనే గడిచిపోతుంది, మిగతా రెండు మాటలు ఎప్పటికీ మేలుకోవు.

శాతం వదిలేసి, కిలో గాలిలో ఎన్ని గ్రాముల నీరుందో చూడండి. వానాకాలం గాలిలో 22 గ్రాములు, ఆ పొడిరోజు గాలిలో 12. ఎగ్జాస్ట్ గ్రాముల్లోంచి లోపలికొచ్చే గాలి గ్రాములు తీసేస్తే మిగిలేదే పప్పు వదిలిన నీరు. దీనికి రెండు సెన్సర్లు కావాలి, ఒకటి బయటిగాలికి. ఈ తేడా మీదే రూల్స్ రాస్తే ఏ కాలంలోనైనా అవే పనిచేస్తాయి.

హద్దులు లెక్కలోంచి వస్తాయి. 300 కిలోల్లో పొడి సరుకు 276. 4 శాతం తేమకి వచ్చేసరికి బరువు 287.5. పోయిన నీరు 12.5 కిలోలు, 7 గంటల్లో, సగటున గంటకి 1.8. ఎగ్జాస్ట్ గంటకి 300 కిలోల గాలి పంపుతోందనుకుంటే కిలోకి 6 గ్రాములు. మొదటి గంటల్లో దానికి రెండింతలు, చివర్లో ఒకటో రెండో. కాబట్టి పొడి 2, మధ్యరకం 6, తడి 12 దగ్గర శిఖరాలు పెట్టండి. మీ గాలి ప్రవాహం కొలిచి ఇవి సవరించుకోండి.

ఆ 12.5 కిలోల నీటిని ఆవిరి చెయ్యడానికి సుమారు 8 యూనిట్ల కరెంటు చాలు. మీ హీటరేమో 57 శాతం మీద 7 గంటల్లో 48 యూనిట్లు మింగుతోంది. మిగతాదంతా గోడలగుండా, డ్యాంపర్‌గుండా బయటికే. డ్యాంపర్ కంట్రోల్‌కి డబ్బు తిరిగొచ్చేది ఇక్కడే.

రూల్స్: తడి అయితే 70 శాతం తెరువు, మధ్యరకం అయితే 35, పొడి అయితే 10. పూర్తిగా ఎప్పుడూ మూయొద్దు. వీటి పైన ఒక కలిపే రూలు: హీటర్ శాతం 90 దాటి ఉండి, వేడి ఇంకా "కొంచెం చల్లన" లేదా "బాగా చల్లన" అయితే, తేమ ఏం చెప్పినా డ్యాంపర్ 15 శాతం మూయి. హీటర్‌కి చేతకాని పని డ్యాంపర్ తగ్గించి పెడుతుందన్నమాట. రెండు పీఐడీలు విడివిడిగా పెడితే ఒకటి తెరుస్తుంటే రెండోది వేడి పెంచుతూ కొట్టుకుంటాయి.

డ్యాంపర్‌ని 3 నిమిషాలకోసారే కదపండి, మార్పు 5 శాతం కన్నా తక్కువైతే వదిలెయ్యండి. లేకపోతే ఆక్చుయేటర్ గేర్లు అరిగిపోతాయి, పైగా వేడి లూపుకి రోజంతా కుదుపులే.

సెన్సర్ విషయంలో ఒక చిక్కు. ఎస్‌హెచ్‌టీ31 లాంటిది 125 డిగ్రీలు తట్టుకుంటుంది, తప్పు ±2 శాతం. చిన్నదే అనిపిస్తుంది. కానీ 70 డిగ్రీల దగ్గర 2 శాతం అంటే కిలోకి 4 గ్రాములు. మనం కొలవబోయే సగటే 6. సెన్సర్‌ని వేడిగాలిలో నేరుగా పెడితే రూల్స్ ఎంత బాగున్నా చూసేది అబద్ధం. ఎగ్జాస్ట్‌లోంచి సన్నని గొట్టంతో కొంచెం గాలిని తీసి 45 డిగ్రీలకి చల్లార్చి అక్కడ కొలవండి. గ్రాములు మారవు, తప్పు మాత్రం 1.2 గ్రాములకి దిగుతుంది. వానాకాలంలో 34 గ్రాములున్నా ఆ గాలి 34 డిగ్రీల దాకా చల్లారితే తప్ప నీరు పట్టదు కాబట్టి 45 దగ్గర సెన్సర్ తడవదు. పొట్టు దుమ్ము పడకుండా ఫిల్టర్ టోపీ తప్పనిసరి. డీహెచ్‌టీ22 జోలికి పోకండి, దాని హద్దే 80 డిగ్రీలు.


జవాబు: బొబ్బిలి ప్యానెల్

రాజాం గారు చెప్పింది ఒప్పుకోవాల్సిందే, వేగం లెక్కలో ఆలస్యం నేను వదిలేశాను.

పలాసపిక్క గారూ, కొత్త పట్టిక ఎక్కించే ముందు ఒక్కటి చూసుకోండి. పదిహేను బైట్లలో పట్టిక అని మొదట రాశాను, మీరూ అలాగే పూర్ణాంకాలుగా పెట్టుకుని ఉంటారు. ఇప్పుడు 0.5, 1.5, 2.5 వచ్చాయి. పూర్ణాంకాల పట్టికలో రాస్తే 0.5 చప్పుడు చెయ్యకుండా 0 అయిపోతుంది, −1.5 కాస్తా −1. కంపైలర్ ఆపదు. వేడి 68 దగ్గర నిలకడగా కూర్చుంటే దాన్ని 70కి లాగేది ఆ 0.5 ఒక్కటే. అది పోతే డ్రయ్యర్ రెండు డిగ్రీల తక్కువలో హాయిగా ఆగిపోతుంది, మీరు సెన్సర్‌ని అనుమానిస్తారు. అన్నీ పదింతలు చేసి 5, 15, 25 అని రాసుకోండి, ఎక్కువలో ఎక్కువ −70, బైటులో పడుతుంది. చివర్లో 10తో భాగించేది 10.0తో భాగించండి. శాతం దాచుకునే చోటు కూడా ఫ్లోట్ (దశాంశాలు పట్టే రకం) అయి ఉండాలి, లేకపోతే పైన వచ్చిన −0.3 అక్కడ మాయమవుతుంది.